వెనక పలక కదులుతున్న 16 అడుగుల ఫైబర్ పడవ: కొనాలా, వదిలేయాలా?

కొత్తగెడ
16 అడుగుల ఫైబర్ పడవ ఒకటి అమ్మకానికి వచ్చింది. అడుగు దాదాపు చదును. 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఓబీఎం (పడవ వెనక బయటికి తగిలించే ఇంజను), ట్రైలరు అన్నీ కలిపి ఇస్తానంటున్నాడు. నడిసముద్రంలోకి వెళ్లే ఉద్దేశం నాకు లేదు. ఇసుక మేటల మీద, ఏరు సముద్రంలో కలిసే చోట, మోకాలి లోతు నీళ్లలో గేలం వేసుకుంటే చాలు. ధర ఊరిస్తోంది. రంగు కొత్తగా వేశాడు, అద్దంలా మెరుస్తోంది. ఒక్కటే అనుమానం. ఇంజను పట్టుకుని ఊపితే అది బిగించిన వెనక పలక కొంచెం కదిలినట్టు అనిపించింది. అడిగితే "ఫైబర్ అన్నాక ఆ మాత్రం సాగుతుంది బాబూ" అన్నాడు. నిజమేనా? పడవ నడపడం వచ్చు గానీ కొనడం ఇదే మొదటిసారి. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు.

పాతఓబీఎం
సాగదు. రబ్బరు పడవైతే సాగుతుంది.

వలరాజు
కొత్త రంగు వేసిన పాత పడవని చూసి మనసు పారేసుకోకు తమ్ముడూ. నేను పారేసుకున్నాను. (పేరు చూసి అపార్థం చేసుకోకండి, నాది చేపల వల మాత్రమే.)

ఉప్పుగాలి
కదిలిందా, కదిలినట్టు అనిపించిందా? ముందు అది తేల్చుకో. ఇంజన్ని సగం పైకి ఎత్తి, కింది కాలు (పంకా, అంటే ప్రొపెల్లరు ఉండే భాగం) చివర పట్టుకుని గట్టిగా నొక్కు, మళ్లీ పైకి లేపు. ఆ టైములో ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టి పలక పైఅంచునే చూడమను. పడవంతా ఒక్క ముక్కలా ఊగితే అది ట్రైలరు స్ప్రింగుల ఊపు, పట్టించుకోనక్కర్లేదు. పలక ఒక్కటే వంగుతూ, పక్క గోడలతో కలిసే మూలల్లో సన్నటి పగుళ్లు నోరు తెరిచి మూస్తుంటే లోపల చెక్క పోయినట్టే.

ఫైబర్ పడవ అంటాం గానీ చాలా పాత పడవల్లో ఆ పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది. బయటొక ఫైబర్ పొర, లోపలొక పొర, మధ్యలో చెక్క. ఇంజను బోల్టులకి, డ్రెయిన్ ప్లగ్గుకి, నిచ్చెనకి, డెప్త్ మీటరు కన్నుకి వేసిన ప్రతి రంధ్రమూ ఆ చెక్కలోకి నీళ్లు పోయే దారే. సీలెంట్ సరిగా పెట్టకపోతే ఏళ్ల తరబడి చుక్క చుక్కగా తాగుతూనే ఉంటుంది.

నా పడవ కొన్నాక (అవును, కొన్నాకే, నవ్వండి) ప్లగ్గు పక్కన ఉన్న చిన్న స్క్రూ ఒకటి విప్పాను. మొదట ఏమీ రాలేదు. హమ్మయ్య అనుకునేలోపు రంధ్రం అంచున నల్లటి చుక్క ఒకటి ఊరింది, కాసేపు నిలబడింది, జారింది. దాని వెనకే ఇంకొకటి. వేలికి రాసుకుని వాసన చూస్తే కుళ్లిన ఆకుల వాసన. స్క్రూ మరల మధ్య తడి రంపపు పొట్టులాంటిది ఇరుక్కుని ఉంది. అదే నా ప్లైవుడ్. నువ్వు మాత్రం కొనకముందే ఒక స్క్రూ విప్పి చూపించమని అడుగు. వద్దన్నాడంటే జవాబు దొరికినట్టే.

కొత్తగెడ
అక్కా, అడగడానికి మొహమాటంగా ఉంది. ఆయన బాగా మర్యాదస్థుడు.

పాతఓబీఎం
మర్యాద పలకని మోయదు.

బొమ్మిడాయి
సుత్తి పిడితో కొట్టి చూస్తే చాలదా? స్క్రూలు విప్పడం ఎందుకు?

ఉప్పుగాలి
కొట్టి చూడటం మొదటి మెట్టు. ప్లాస్టిక్ సుత్తితో గానీ స్క్రూడ్రైవరు పిడితో గానీ అరచేయంత దూరానికో దెబ్బ చొప్పున పలకంతా తట్టుకుంటూ పో. గట్టి చోట 'టక్' మని పొడిగా పలుకుతుంది. పొరలు విడిపోయిన చోట, చెక్క పుచ్చిన చోట దిండు మీద కొట్టినట్టు 'బొద్' మంటుంది. శబ్దం ఎక్కడ మారిందో చాక్‌పీసుతో గీసుకో. చివర్లో దూరం నుంచి చూస్తే మ్యాపు గీసినట్టు కనిపిస్తుంది, దాదాపు ఎప్పుడూ ప్లగ్గు చుట్టూనే మొదలవుతుంది. కాకపోతే శబ్దం అనుమానం మాత్రమే చెబుతుంది. రుజువు కావాలంటే రంధ్రంలోకి చూడాల్సిందే.

సందేహాలపెట్టె
తేమ మీటరు కొన్నాను, అది పెడితే తెలిసిపోతుంది కదా.

రెసిన్‌చేతులు
తెలుస్తుంది, అబద్ధం కూడా చెబుతుంది. వెనకాల మెటల్ ప్లేటు ఉన్నా, అడుగున రాగి కలిపిన రంగు ఉన్నా ముల్లు అటు చివరికి పోతుంది. నీళ్లలోంచి అప్పుడే తీసిన పడవకైతే అసలు పెట్టొద్దు. ఒకే పడవలో ఈ చోటుకీ ఆ చోటుకీ తేడా చూడటానికి పనికొస్తుంది, అంకెని మాత్రం నమ్మొద్దు.

ఇసుకమేట
ఈ గొడవంతా ఎందుకు? అల్యూమినియం పడవ కొనుక్కో. పుచ్చే చెక్క ఉండదు, తేలిక, ఇసుకని రుద్దుకున్నా గీత పడుతుందంతే. నేను తొమ్మిదేళ్లుగా వాడుతున్నాను.

వలరాజు
వచ్చాడండీ మన రేకు బ్రాండ్ అంబాసిడర్.

ఉప్పుగాలి
ఇసుకమేట గారు చెప్పినదాంట్లో నిజం ఉంది, సగం. పాత అల్యూమినియం పడవల్లో కూడా వెనక పలకలో చెక్క ఉన్నవి బోలెడు. ఉప్పునీళ్లు తాగిన ప్లైవుడ్ అల్యూమినియంని ఆనుకుని ఉంటే ఆ రేకు లోపలి నుంచి గుంటలు పడుతుంది. రివెట్లు వదులవుతాయి. ఇక అడుగున రాగి ఉన్న రంగు వేశాడంటే అయిపోయింది, ఉప్పునీళ్లలో రాగి, అల్యూమినియం కలిస్తే కరిగిపోయేది అల్యూమినియమే.

ఇసుకమేట
రివెట్లు వదులైతే తెలుసుకోవడం తేలిక. ట్రైలరు మీద ఉండగా లోపల బెత్తెడు నీళ్లు పోసి కింద పడుకుని చూడు. ఎక్కడ కారుతోందో అక్కడ మార్కరుతో గుండ్రం చుట్టు. బెత్తెడు అన్నాను, నిండా పోయకు. నీటి బరువుకి ట్రైలరు మీదే వంగిపోతుంది. రాగి రంగు విషయం ఒప్పుకుంటాను. నాది రంగే లేదు, వట్టి రేకు. చేపలకి అందంతో పనిలేదు.

బొమ్మిడాయి
అందంతో పని లేదు గానీ శబ్దంతో ఉంది బాబాయ్. చదును అడుగు రేకు పడవలో ఒక ప్లయర్ కింద పడితే చాలు, ఆ మడుగులో చేపలన్నీ సెలవు పెట్టి వెళ్లిపోతాయి. అల ముక్కు కింద చప్ చప్ మన్నా అంతే.

ఇసుకమేట
పాత రబ్బరు మ్యాట్ పరుచుకోండి, ప్లయర్‌ని తాడుతో కట్టుకోండి. అన్నీ నేనే చెప్పాలా.

లెక్కలమాస్టారు
కొత్తగెడ అసలు అవసరం తక్కువ లోతు. ఆ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నీటిలో పడవ ఎంత దిగుతుందో కాగితం మీద చూద్దాం. 16 అడుగుల చదును పడవకి నీటిని తాకే వైశాల్యం సుమారు 6 చదరపు మీటర్లు అనుకుందాం. అది 1 సెంటీమీటరు దిగడానికి 60 లీటర్ల నీటిని పక్కకి నెట్టాలి. ఉప్పునీరు కొంచెం బరువు కాబట్టి 61, 62 కిలోలు. అంటే ప్రతి 60 కిలోలకీ ఒక సెంటీమీటరు, మోటుగా.

ఇప్పుడు ఇంజను సంగతి. 40 హార్స్‌పవర్‌లో టూ స్ట్రోక్ కంటే ఫోర్ స్ట్రోక్ 20, 25 కిలోలు ఎక్కువ తూగుతుంది. లెక్కకి అర సెంటీమీటరు కూడా కాదు. కానీ ఆ బరువు మొత్తం చిట్టచివర వేలాడుతుంది కాబట్టి పడవ సమానంగా దిగదు. వెనక కూర్చుంటుంది, ముందు లేస్తుంది. తక్కువ నీళ్లలో ముందు ఇసుకకి తగిలేది ఆ వెనకే. బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు కూడా అక్కడే పెట్టి, మనిషి కూడా అక్కడే కూర్చుని, 'నా పడవ తేలడం లేదు' అని ఏడిస్తే ఎలా?

నా సలహా: అమ్మేవాడు చెప్పిన బరువు వినకు, కాటా వేయించు. ట్రైలరుతో పాటు వేబ్రిడ్జి ఎక్కించు, పడవని నీళ్లలో దించాక ఖాళీ ట్రైలరు ఎక్కించు. తేడాలోంచి ఇంజను, బ్యాటరీ, పెట్రోలు తీసేస్తే మిగిలేది ఒంటి పడవ. అది తయారీదారు చెప్పిన బరువు కంటే వంద కిలోలు ఎక్కువ ఉంటే ఆ వంద కిలోల్లో ఎక్కువ భాగం నీళ్లే అయ్యుంటాయి.

సందేహాలపెట్టె
నీళ్లు ఎక్కడ దాక్కుంటాయి మాస్టారూ, అంతనా?

రెసిన్‌చేతులు
డెక్కు (లోపల మనం నిలబడే నేల) కింద నింపే ఫోములో. పడవ మునిగినా తేలుతూ ఉండాలని పోస్తారు. ఫోము మంచిదే. అమెరికా పడవల కంపెనీ బోస్టన్ వేలర్ వాళ్లు 1958 నుంచి రెండు ఫైబర్ పొరల మధ్య ఫోము నింపే పడవలు కట్టారు. 1961లో లైఫ్ పత్రికలో ఆ పడవని రంపంతో సగానికి కోస్తున్న ఫొటో వచ్చింది, కోసినా తేలింది. కానీ అది కొత్త ఫోము. నీళ్లు బయటికి పోయే దారి లేని చోట ఏళ్ల తరబడి నానితే అదే ఫోము స్పాంజిలా తయారవుతుంది. ఎండలో ఆరబెడితే పోతుందనుకోకు, పోదు. తవ్వి తీయడమే.

డెక్కు మీద చిన్న గుండ్రటి మూత ఉంటే తెరిచి లోపల చెయ్యి పెట్టి ఫోము ముక్క గిల్లు. పిండితే నీళ్లొస్తే మాస్టారి వంద కిలోలు అక్కడే ఉన్నాయి.

పాతఓబీఎం
ఇంజను గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను, ఓపిగ్గా చదువు.

వెళ్లీ వెళ్లగానే ఇంజను మీద చెయ్యి వెయ్యి. వెచ్చగా ఉందంటే నువ్వు రాకముందే స్టార్ట్ చేసి పెట్టాడు. చల్లటి ఇంజను ఎన్ని లాగులకి అందుకుంటుందో నీకు కావాలి. మళ్లీ సాయంత్రం వస్తానని చెప్పి వచ్చెయ్.

స్పార్కు ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి గేజీతో కంప్రెషన్ (సిలిండర్లో పుట్టే ఒత్తిడి) చూడు. ఇంత అంకె రావాలని లేదు, సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకూడదు. ఒకటి బాగా తక్కువ ఉంటే ఇంకేం చూడక్కర్లేదు, ఇంటికి పో.

కింది గేరు బాక్సు స్క్రూ కొంచెం వదులు చేసి ఆయిలు చూడు. తెల్లగా, పాలలా కలిసిపోయి ఉంటే లోపలికి నీళ్లు పోతున్నాయి. మన గేలగాళ్ల ఇంజన్లకి దీనికో ప్రత్యేక కారణం ఉంది. తెగిన నైలాన్ దారం పంకా వెనక ఇరుసుకి చుట్టుకుని ఆయిల్ సీలుని కోసేస్తుంది. ఎవడూ పంకా విప్పి చూడడు. నేను కొన్నదాంట్లో బొటనవేలంత లావు దారపుండ వచ్చింది, మూడు రంగుల్లో. అంటే ముగ్గురు యజమానులన్నమాట.

నడుస్తుండగా పక్కనుంచి నీటి ధార వస్తుందా చూడు. తక్కువ నీళ్లలో తిరిగిన ఇంజను ఇసుక తాగుతుంది, ఇసుకకి ముందు అరిగేది నీటి పంపులో రబ్బరు ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం). కొన్న రోజే మార్చెయ్, బాగానే ఉన్నా సరే. దాని వయసు ఎవరికీ తెలియదు.

కాలు పొడవు కూడా కొలువు. పలక ఎత్తు 15 అంగుళాలైతే షార్ట్, 20 అయితే లాంగ్. 15 పలకకి 20 కాలు తగిలించిన పడవలు చూశాను. ఐదంగుళాలు ఊరికే నీళ్లలో వేలాడుతూ ఇసుకని దున్నుతుంది. పంకా పైన ఉండే చదును రెక్క పడవ అడుగుకి సమానంగా గానీ, కాస్త పైన గానీ ఉండాలి.

చివరిగా బ్రాండు. పాత ఎవిన్‌రూడ్ చవగ్గా దొరుకుతోందని ఎగబడకండి. ఆ ఇంజన్ల తయారీ 2020లో ఆపేశారు. చెడ్డ ఇంజన్లని కాదు, స్పేర్లు ఎక్కడ దొరుకుతాయో ముందే చూసుకుని కొనండి.

వలరాజు
మూడు రంగుల దారం 😂 దాంట్లో పచ్చది నాదే అయ్యుంటుంది.

కొత్తగెడ
ఇవాళ మళ్లీ వెళ్లొచ్చాను. పొద్దున్న ఇంజను చల్లగానే ఉంది, మూడో లాగుకి అందుకుంది. కంప్రెషన్ మూడు సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. గేరు ఆయిలు నల్లగా ఉంది గానీ పాలలా లేదు. పాతఓబీఎం గారికి దండం.

పలక మాత్రం... ప్లగ్గు చుట్టూ రెండు అరచేతులంత 'బొద్'. స్క్రూ విప్పమని అడిగేశాను. ఆయన నా వంక చూసి, ఇంకేం మాట్లాడకుండా తనే విప్పాడు. అక్క చెప్పిన నల్లచుక్క అచ్చం అలాగే ఊరింది. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. "నాకూ తెలియదు బాబూ, నేనూ ఇలాగే కొన్నాను" అన్నాడు.

కాటా కూడా అయింది. లోపల తయారీదారు బిగించిన ప్లేటు మీద 280 కిలోలని రాసి ఉంది, లెక్క తీస్తే 390 వచ్చింది.

లెక్కలమాస్టారు
110 కిలోలు. దాదాపు 1.8 సెంటీమీటర్లు.

ఇసుకమేట
ఒక వేలి మందం కోసం ఇన్ని రోజులుగా ఈ చర్చా!

లెక్కలమాస్టారు
వేలి మందం సగటు మాత్రమే. ఆ ఫోము వెనక సగంలో ఉంటే వెనక అంతకు రెట్టింపు దిగుతుంది. పైగా గెడ వేసి తొయ్యాల్సింది నువ్వు కాదు, ఆ అబ్బాయి. ఇద్దరు మనుషులు టికెట్ లేకుండా ఎక్కి కూర్చున్నట్టు.

ఉప్పుగాలి
లోతు సంగతి అటుంచు. 110 కిలోల నీళ్లు పక్కనుంటే లోపలి చెక్కంతా, అంటే అడుగున నిలువుగా పోయే పట్టీలు కూడా, ఎంత బాగున్నాయో చూడాలి. పలక ఒక్కటే అయితే మార్చుకోవచ్చు. పట్టీలు కూడా పోతే డెక్కు మొత్తం కోసి తీయాలి. అది మరమ్మతు కాదు, కొత్త పడవ కట్టడమే.

బొమ్మిడాయి
వదిలెయ్ బ్రో. పడవలకి కరువా.

పాతఓబీఎం
ఇంజను బాగుంది, ట్రైలరు ఉంది. ఒంటి పడవకి సున్నా ధర కట్టి, ఇంజనుకీ ట్రైలరుకీ మాత్రమే బేరమాడు. ఒప్పుకుంటే తీసుకో. పడవ పోయినా ఇంజను మిగులుతుంది. నేనైతే అంతే చేస్తాను.

ఉప్పుగాలి
ఈ ఒక్క విషయంలో పాతఓబీఎం గారితో నాకు పేచీ. ఇంజను బాగుందని పడవ కొనడం వల్లే సగం మంది మునుగుతారు. ఇంజను ఎప్పుడైనా మార్చుకోవచ్చు, పడవ ఆకారం మార్చలేం. ముందు తనకి కావలసిన అడుగు అదేనా అని చూసుకోవాలి. చదును అడుగుతో ఎదురుగాలికి అలల్లో వెళ్లాల్సి వస్తే నడుము విరుగుతుంది. ఏరు సముద్రంలో కలిసే చోట పాటు నీరు బయటికి లాగుతూ, గాలి లోపలికి కొడుతుంటే ఆ అల నిటారుగా లేస్తుంది, గట్టు ఎత్తు తక్కువ పడవలోకి నేరుగా వచ్చి కూర్చుంటుంది. కొత్తగెడా, నువ్వు ఆ చోటు దాటి వెళ్తావా, లోపలే ఉంటావా?

కొత్తగెడ
లోపలే అక్కా. దాటే ధైర్యం లేదు, అవసరమూ లేదు.

ఉప్పుగాలి
అయితే ఆ పడవ ఆకారం నీకు సరిపోతుంది. పట్టీలు చూసి చెప్పు.

కొత్తగెడ
డెక్కు మూతలోంచి ఫోను పెట్టి వీడియో తీశాను. పట్టీలకి చిన్న డ్రిల్లుతో రెండు చోట్ల రంధ్రం వేశాం (ఆయనే వేశాడు). ముందు వైపు పొట్టు పసుపుగా, పొడిగా వచ్చింది. వెనక చివర ఒక మూరెడు నల్లగా, తడిగా. మిగతాది గట్టిగానే ఉంది. పాతఓబీఎం గారి లెక్క ప్రకారమే బేరమాడి కొనేశాను. తిట్టేవాళ్లు తిట్టండి.

బొమ్మిడాయి
ముందే తెలుసు 🙄

వలరాజు
ఈ క్షణం నుంచి నీ ఆదివారాలు నీవి కావు.

రెసిన్‌చేతులు
ఇక నా వంతు. చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి, వరసగా కాకుండా గుర్తొచ్చినట్టు చెబుతాను.

పలకని లోపలి నుంచి మార్చు, బయటి పొర కోయకు. బయటిది అచ్చులా నిలబడుతుంది, ఆకారం చెడదు. లోపలి పొర కోసి, పుచ్చిన చెక్కంతా గీకి, గట్టి ఫైబర్ కనిపించేదాకా గ్రైండరు పట్టించి, వారాల తరబడి ఆరనివ్వు. తొందరపడ్డవాడు తడిని లోపల పెట్టి సీలు చేస్తాడు. కొత్త చెక్కగా మెరైన్ ప్లై వాడు. అనుమానం ఉంటే చిన్న ముక్క కోసి కొన్ని గంటలు నీళ్లలో ఉడకబెట్టు. పొరలు విడిపోతే అది మెరైన్ ప్లై కాదు, స్టాంపు ఏం చెప్పినా.

పాత ఫైబర్ మీద కొత్త పొర రసాయనికంగా కలిసిపోదు, గరుకుని పట్టుకుని నిలబడుతుందంతే. అందుకే ముందు ఎసిటోన్‌తో తుడిచి, తర్వాత 40 నంబరు ఉప్పుకాగితంతో గరుకు చెయ్యి. తిప్పి చేస్తే మైనాన్ని, జిడ్డుని లోపలికి రుద్దినట్టే. మెరుపు ఒక్క చోట మిగిలినా అక్కడే ఊడుతుంది.

ఫైబర్‌ని అంటించే రెసిన్ పాలిస్టరా, ఎపాక్సీయా అని ఇప్పుడు అడుగుతావు. అతుకుకి ఎపాక్సీ పట్టు గట్టిది, ఖర్చూ ఎక్కువే. పాలిస్టర్‌తో కూడా పని జరుగుతుంది, ఫ్యాక్టరీ పడవల్లో ఎక్కువ భాగం దాంతోనే కట్టినవి. కానీ రెండూ కలిపి గందరగోళం చేయకు. మామూలు తరుగు (చిన్నగా కోసిన ఫైబర్ పోగుల) మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలిస్టర్‌లోని స్టైరీన్‌కే కరుగుతుంది. ఎపాక్సీ పోస్తే కరగక గట్టిగా, తెల్లతెల్లగా మిగిలిపోతుంది. ఎపాక్సీకైతే, నేసిన ఫైబర్ గుడ్డ వాడు.

ఇది మాత్రం రెండుసార్లు చదువు: పాలిస్టర్ రెసిన్‌కి కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగం చేసేది), హార్డెనర్ (గట్టిపరిచేది) విడివిడిగా ఇస్తే ఆ రెండిటినీ ఎప్పుడూ నేరుగా కలపొద్దు. భగ్గుమంటుంది, పేలనూ పేలుతుంది. ముందు కోబాల్ట్ రెసిన్‌లో వేసి బాగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లజోడు లేకుండా డబ్బా మూత తీయొద్దు.

సందేహాలపెట్టె
హార్డెనర్ ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందిగా?

రెసిన్‌చేతులు
పాలిస్టర్‌కి ఒకటి నుంచి రెండు శాతం మధ్య ఎండని బట్టి మార్చుకోవచ్చు. ఎపాక్సీకి ఆ వేషాలు చెల్లవు, డబ్బా మీద రాసిన పాళ్లే. ఎక్కువైనా తక్కువైనా జీవితాంతం జిగురుగానే ఉంటుంది. ఇంకో మాట. ఎపాక్సీని లోతైన గిన్నెలో ఎక్కువగా కలిపి పెట్టుకోకు. నేను అర బకెట్టు కలిపి ఫోను మాట్లాడి వచ్చేసరికి పొగలు కక్కుతోంది, అడుగు కరిగి నేలకి అతుక్కుపోయింది. ఇప్పటికీ షెడ్డులో ఆ బకెట్టు అక్కడే ఉంది. దాని మీద కూర్చుంటున్నాను.

వలరాజు
స్టూలు చేసే పద్ధతి అన్నమాట.

కొత్తగెడ
పనిలో పడ్డాను. ఫోము తవ్వుతుంటే దాంట్లోంచి పాత గేలాలు రెండు, ఒక చెప్పు దొరికాయి. ఒక్క చెప్పే. తీసిన ఫోము పక్కన పోస్తే రాత్రంతా నీళ్లు కారుతూనే ఉన్నాయి. వైర్లు కూడా చూశాను, అన్నీ మెలిపెట్టి టేపు చుట్టినవే, లోపల రాగి ఆకుపచ్చగా ఉంది. అన్నీ పీకేశాను. ఏవి వాడాలి?

ఇసుకమేట
తగరం పూత ఉన్న వైరు. అతుకులకి వేడి చేస్తే లోపల జిగురు కరిగి మూసుకునే గొట్టం. బ్యాటరీ నుంచి జానెడు లోపే ఫ్యూజు. పడవలో చేరిన నీళ్లు తోడే పంపు డబ్బా మీద రాసిన లీటర్లు నమ్మకు, అది ఎత్తు లేకుండా తోడిన లెక్క. ఎత్తుకి తోడితే బాగా తగ్గుతుంది, ఒక సైజు పెద్దదే పెట్టు.

ఉప్పుగాలి
కొత్త పలకకి బోల్టు రంధ్రాలు వేసేటప్పుడు కావలసినదానికంటే పెద్దగా తొలిచి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో అసలు సైజు రంధ్రం వెయ్యి. అప్పుడు బోల్టు చుట్టూ ఎపాక్సీ గోడ ఉంటుంది, సీలెంట్ విఫలమైనా నీళ్లు చెక్కని తాకవు. డ్రెయిన్ ప్లగ్గుకైతే ఇది తప్పనిసరి. పాతది పాడైంది అక్కడి నుంచే కదా.

కొత్తగెడ
నాలుగు నెలల తర్వాత తిరిగి వచ్చాను. పలక అయింది, వెనక పట్టీల మూరెడు ముక్క మారింది, కొత్త ఫోము పడింది, కింద నీళ్లు ప్లగ్గు దాకా జారడానికి దారి వదిలాను. బ్యాటరీని, పెట్రోలు ట్యాంకుని ముందుకి జరిపాను. కాటాలో ఒంటి పడవ 295.

నిన్న పొద్దున్న నీళ్లలో దించాను. పది నిమిషాలకి కాళ్ల కింద చల్లగా తగిలింది. చూస్తే నీళ్లు. నాలుగు నెలల పనీ కళ్ల ముందు తిరిగింది. పలక మూలలన్నీ చేత్తో తడిమాను, ఎక్కడా చెమ్మ లేదు. టెన్షన్‌లో ఇంజను ఆపి తాళం తీయబోతే, తాళం గుత్తికి వేలాడుతూ కనిపించింది, డ్రెయిన్ ప్లగ్గు. మర్చిపోకూడదని నేనే కట్టుకున్నాను.

పాతఓబీఎం
తాళం పెట్టేటప్పుడు చేతిలోనే ఉందన్నమాట.

వలరాజు
ఇప్పుడు నువ్వు అధికారికంగా పడవ యజమానివి.

ఉప్పుగాలి
నేను రెండుసార్లు చేశాను. సరే, ఎంత లోతులో తేలింది?

కొత్తగెడ
నేనూ ఇంకో మనిషీ ఉండగా, ఇంజను పైకెత్తి, గెడ వేసుకుంటూ మేట మీదకి పోయాం. అడుగు ఇసుకని గీసుకున్న చోట దిగి స్కేలు పెట్టాను. 14 సెంటీమీటర్లు. చేప మాత్రం ఒక్కటీ పడలేదు.

బొమ్మిడాయి
ప్లయర్ కింద పడేశావా?

కొత్తగెడ
...రెండుసార్లు.